కారు ట్యాంకుకన్నా ముందు ఎరువు బస్తా

సొసైటీ దగ్గర వరుసలో నిలబడి రైతు తెచ్చుకునే 45 కిలోల యూరియా బస్తా ఒకటి తయారు కావడానికి సుమారు నాలుగున్నర కిలోల హైడ్రోజన్ ఖర్చవుతుంది. టన్ను యూరియాకు దాదాపు 570 కిలోల అమ్మోనియా, టన్ను అమ్మోనియాకు 176 కిలోల హైడ్రోజన్ కావాలన్న లెక్క ఎరువుల కర్మాగారంలో పనిచేసినవారికి కంఠోపాఠమే. టయోటా సంస్థ తయారుచేసే మిరాయ్ అనే హైడ్రోజన్ కారు ట్యాంకుల్లో నిండుగా నింపితే 5.6 కిలోలు పడుతుంది. అంటే ఆ కారు ఒక్కసారి ట్యాంకు నింపుకుంటే, ఒకటింపావు బస్తా యూరియాకు సరిపోయే హైడ్రోజన్ అందులోకి వెళ్ళిపోయినట్లే. హైడ్రోజన్ కార్ల గురించి ఎక్కడ చదివినా, ఎవరు మాట్లాడినా, నా మనసులో ముందుగా ఈ రెండు అంకెలే పక్కపక్కన నిలబడతాయి.

ఇరవై ఆరేళ్ళపాటు తూర్పు తీరంలోని ఒక ఎరువుల కర్మాగారంలో, అమ్మోనియా విభాగంలో పనిచేశాను. గంటగంటకూ ఒత్తిడి, ఉష్ణోగ్రత చూసి లాగ్‌బుక్కులో రాసుకుంటూ హైడ్రోజన్‌తో కాపురం చేసినవాణ్ణి. మియాపూర్‌లో ఉండే మా మేనల్లుడు క్రితం దసరాకు ఇంటికి వచ్చినప్పుడు, "మావయ్యా, ఎలక్ట్రిక్ కారు తీసుకుందామనుకుంటున్నాను గానీ, నాలుగైదేళ్ళలో హైడ్రోజన్ కార్లు వచ్చేస్తాయంటున్నారు గదా, అప్పటిదాకా ఈ పెట్రోలు బండితోనే సర్దుకోమంటారా?" అని అడిగాడు. నాకు తెలిసిన వాయువు గురించి నన్నే అడిగాడు కాబట్టి అప్పటికప్పుడు వద్దని చెప్పేశాను. కానీ ఎందుకు వద్దో విడమరచి చెప్పడానికి ఆ పండగ పూట సరిపోలేదు. చదువుకున్నవారు, పర్యావరణం పట్ల నిజమైన శ్రద్ధ ఉన్నవారు ఎందరో ఇదే ఆశతో ఎదురుచూస్తున్నారు. ఆ ఎదురుచూపు మనకు నష్టం కలిగిస్తోందన్నదే నా వాదన.

మొదట ఒక మౌలికమైన విషయం చెప్పాలి. భూమిని తవ్వితే బొగ్గు దొరికినట్లు, బావి దించితే చమురు దొరికినట్లు, ఇప్పుడు వాడుకలో ఉన్న హైడ్రోజన్ దొరకదు. దాన్ని నీటినుంచో, సహజ వాయువునుంచో, బొగ్గునుంచో శక్తి ఖర్చుపెట్టి విడదీయాలి. నీరంటే హైడ్రోజన్ కాలిపోయిన తరువాత మిగిలిన బూడిద. బూడిదను మళ్ళీ కట్టెగా మార్చాలంటే ఆ కట్టె కాలినప్పుడు వచ్చిన వేడికన్నా ఎక్కువ శక్తి పెట్టాల్సిందే. లీటరు నీళ్ళు పోస్తే బండి వందల కిలోమీటర్లు నడుస్తుందంటూ ఫోన్లలో తిరిగే వీడియోలన్నీ ఈ ఒక్క వాక్యం దగ్గరే ఆగిపోతాయి. హైడ్రోజన్ శక్తిని మోసుకువెళ్ళే వాహకమే గాని శక్తికి మూలం కాదు. కాబట్టి ఒక హైడ్రోజన్ కారు ఎంత శుభ్రమైనదో తెలియాలంటే దాని పొగగొట్టాన్ని చూస్తే చాలదు, ఆ హైడ్రోజన్ పుట్టిన కర్మాగారం చిమ్నీనీ, దానికి కరెంటు ఇచ్చిన విద్యుత్ కేంద్రాన్నీ చూడాలి.

ప్రపంచంలో ఏడాదికి 9 కోట్ల టన్నులకు పైగా హైడ్రోజన్ తయారవుతోంది. అందులో కర్బన ఉద్గారాలు తక్కువగా ఉండే పద్ధతుల్లో తయారయ్యేది ఒక శాతంకన్నా తక్కువ. మిగిలినదంతా ప్రధానంగా సహజ వాయువునుంచి, చైనాలో ఎక్కువగా బొగ్గునుంచి వస్తోంది. మేము చేసినదీ అదే పని. సహజ వాయువునూ ఆవిరినీ కలిపి నికెల్ ఉత్ప్రేరకం నింపిన గొట్టాలలోకి పంపేవాళ్ళం. రిఫార్మర్ కొలిమి గోడకు ఉండే చిన్న కిటికీ మూత తీసి చూస్తే, ఎనిమిది వందల డిగ్రీలు దాటిన వేడిలో ఆ గొట్టాలు నారింజ పండు రంగులో వరుసగా నిలబడి కనిపించేవి. ఒక గొట్టం మీద తెల్లని మచ్చ కనబడితే లోపల ఉత్ప్రేరకం పాడైనట్లు, ఆ రోజు ఎవరికీ నిద్ర ఉండదు. అలా తయారైన ప్రతి కిలో హైడ్రోజన్‌కు తొమ్మిది, పది కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. యూరియా కర్మాగారంలోనైతే అందులో చాలా భాగాన్ని అమ్మోనియాతో కలిపి యూరియాగా మార్చుకుంటాం. అయినా పొలంలో చల్లిన తరువాత అది మళ్ళీ గాలిలోకే చేరుతుంది.

ఇప్పుడు కారు లెక్క చూద్దాం. వాడుకలో మిరాయ్ వంటి కారు కిలో హైడ్రోజన్‌కు వంద కిలోమీటర్లు, కాస్త జాగ్రత్తగా నడిపితే ఇంకొంచెం ఎక్కువ వెళుతుంది. సహజ వాయువునుంచి తీసిన హైడ్రోజన్ అయితే ఆ వంద కిలోమీటర్లకు పది కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. దాన్ని 700 బార్ల ఒత్తిడికి, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి సుమారు ఏడు వందల రెట్లకు తీసుకువెళ్ళి, చల్లబరచి కారులో నింపడానికి అయ్యే కరెంటు తాలూకు ఉద్గారాలనూ కలిపితే అది పదమూడు, పద్నాలుగు కిలోలకు చేరుతుంది. మామూలు పెట్రోలు కారు అదే దూరానికి ఆరు లీటర్లు తాగి, లీటరుకు 2.3 కిలోల చొప్పున సుమారు 14 కిలోలు విడుదల చేస్తుంది. అంటే రెండింటికీ తేడా లేనట్టే. ఇక మన గ్రిడ్‌లో ఇప్పుడున్న కరెంటుతో నీటిని విడదీస్తే పరిస్థితి మరీ ఘోరం. దేశంలో విద్యుత్తు అత్యధిక భాగం బొగ్గునుంచే వస్తోంది కాబట్టి యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. కిలో హైడ్రోజన్‌కు 55 యూనిట్లు కావాలి. లెక్కవేస్తే 38 కిలోలు దాటుతుంది. కారు వెనుకనుంచి నీటిచుక్కలే రాలుతున్నా, అదే దూరం తిరిగిన పెట్రోలు కారుకు రెండున్నర రెట్లకు పైగా బొగ్గు పొగ ఎక్కడో రామగుండంలోనో సింహాద్రిలోనో పైకి లేస్తుంది.

హైడ్రోజన్ కార్లను కోరుకునేవారు ఈ మాట విని, "మేము అడుగుతున్నది సౌరశక్తితో, గాలిశక్తితో తయారయ్యే హరిత హైడ్రోజన్ గదా" అంటారు. న్యాయమైన మాటే. నా అసలు అభ్యంతరం అక్కడే మొదలవుతుంది. సౌర ఫలకాలనుంచి 60 యూనిట్ల కరెంటు మన చేతికి వచ్చిందనుకుందాం. మన పల్లెలో ఐదు హెచ్‌పీ పంపుసెట్టు పదహారు గంటలు నడవడానికి అయ్యేంత కరెంటు అది. దానితో తొమ్మిది లీటర్ల శుద్ధజలాన్ని విడదీసి, వచ్చిన వాయువును నొక్కి పట్టి కారులో నింపితే ఒక కిలో హైడ్రోజన్ అవుతుంది. ఆ కిలోలో ఉన్న శక్తి 33 యూనిట్లు. కారులోని ఫ్యూయల్ సెల్ దాన్ని మళ్ళీ కరెంటుగా మార్చేటప్పుడు సగం వరకూ వేడిగా పోతుంది. చివరకు మోటారుకు అందేది పదిహేడు, పద్దెనిమిది యూనిట్లు, కారు వెళ్ళేది నూటపది కిలోమీటర్లు. అదే 60 యూనిట్లను తిన్నగా బ్యాటరీ కారుకు ఎక్కిస్తే చార్జింగ్‌లో ఆరు యూనిట్లు పోయినా 54 మిగులుతాయి. యూనిట్‌కు ఆరున్నర కిలోమీటర్ల చొప్పున 350 కిలోమీటర్లు వెళ్ళవచ్చు. రెండు కార్లలోనూ చక్రాన్ని తిప్పేది విద్యుత్ మోటారే. మధ్యలో హైడ్రోజన్ అనే మజిలీ పెట్టినందుకు మూడింట రెండు వంతుల కరెంటు దారిలోనే పోయింది.

ఈ నష్టం సాంకేతికత ఇంకా ఎదగకపోవడం వల్ల వచ్చినది కాదు. కరెంటుతో నీటిని విడదీసే ఎలక్ట్రోలైజర్లు మెరుగుపడతాయి, వాటి ధరలు దిగివస్తాయి, అందుకు నేనూ ఎదురుచూస్తున్నాను. అయినా నీటిని విడదీయడానికి ఎంతో లోపంలేని యంత్రానికైనా కిలోకు 39 యూనిట్లకన్నా తక్కువ చాలదు, అది ప్రకృతి నిర్ణయించిన హద్దు. విలియం గ్రోవ్ అనే వేల్స్ దేశపు న్యాయవాది 1839లోనే ఫ్యూయల్ సెల్ సూత్రాన్ని చూపించాడు. అమెరికా వ్యోమగాములు చంద్రుడి మీదికి వెళ్ళినప్పుడు అపోలో నౌకలో కరెంటు ఇచ్చినవీ, తాగే నీరు ఇచ్చినవీ అవే. జనరల్ మోటార్స్ సంస్థ 1966లోనే ఒక వ్యానులో దాన్ని అమర్చి నడిపింది. అవకాశం దొరకక వెనుకబడిన సాంకేతికత కాదిది. అంతరిక్షంలో అది అమోఘంగా పనిచేసింది, ఎందుకంటే అక్కడ పెట్రోలు బంకూ లేదు, ప్లగ్గూ లేదు, ఖర్చుకు వెనుకాడేవారూ లేరు.

హైడ్రోజన్‌ను చేతబట్టి చూడనివారికి అర్థమయ్యేలా చెప్పడం కష్టమైన విషయం ఇంకొకటి ఉంది. నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, ఒక రాత్రి షిఫ్టులో, సింథసిస్ గ్యాస్ కంప్రెసర్ దగ్గర పైపుల మధ్యనుంచి సన్నగా ఈల వేసినట్లు చప్పుడు వచ్చింది. ఎక్కడినుంచో కనిపెట్టుదామని నేను టార్చి లైటు పట్టుకుని రెండడుగులు ముందుకు వేశాను. మా సీనియర్ ఆపరేటర్ గారు వెనుకనుంచి నా చొక్కా పట్టుకుని లాగారు. గోడకు ఆనించి ఉన్న పొడవాటి వెదురు గెడ ఆయన చేతిలో ఉంది, దాని చివర కొబ్బరి ఈనెల చీపురు కట్టి ఉంది. ఆయన దాన్ని ముందుకు చాచి, పైపులను కలిపి బిగించే ఫ్లాంజుల వెంట మెల్లగా, గుడ్డివాడు కర్రతో దారి వెతుక్కున్నట్లు జరుపుకుంటూ వెళ్ళారు. మూడో ఫ్లాంజు దగ్గర, ఏమీ లేని గాలిలో, చీపురు కొస ఒక్కసారిగా అంటుకుంది. అక్కడ అప్పటికే మంట ఉంది. నేను ఇంకో నాలుగడుగులు వేసి ఉంటే నా ముఖం అందులో ఉండేది. హైడ్రోజన్ మంటకు రంగు లేనట్టే ఉంటుంది, పొగ ఉండదు, దూరానికి సెగ కూడా పెద్దగా తగలదు. "ముందు చీపురు వెళ్ళాలి బాబూ, మనిషి తరువాతే వెళ్ళాలి" అన్నారాయన. ఆ తరువాత ప్లాంటు ఆపి, ఒత్తిడి దించి, నత్రజనితో లైన్లు కడిగి, గాస్కెట్టు మార్చి మళ్ళీ నడిపించేసరికి రెండో రోజు సాయంత్రమైంది.

ఆ అనుభవంతో హైడ్రోజన్ అంటే భయం పెట్టుకోమని చెప్పడం లేదు. జాగ్రత్తగా ఉంటే దానితో దశాబ్దాలు క్షేమంగా పనిచేయవచ్చు, మేము చేశాం. పెట్రోలు ఆవిరిలా నేలబారున పరుచుకోకుండా హైడ్రోజన్ తేలికగా పైకి ఎగిరిపోవడం బయటి ప్రదేశంలో మేలు చేసే గుణమే. కానీ గాలిలో అది 4 శాతంనుంచి 75 శాతం వరకూ ఎంత కలిసినా మండుతుంది, చొక్కా రాపిడికి పుట్టే నిప్పురవ్వ చాలు అంటుకోవడానికి. వాసన ఉండదు. అణువు ఎంత చిన్నదంటే ఉక్కు లోపలికి సైతం చొరబడి దాన్ని పెళుసుబారేలా చేస్తుంది. శిక్షణ పొందిన మనుషులు, రాతపూర్వక అనుమతులు, కంచె లోపలి స్థలం, ఇరవైనాలుగు గంటల నిఘా ఉన్న కర్మాగారం దానికి తగిన చోటు. నార్వేలో ఓస్లో దగ్గరి షోర్బో హైడ్రోజన్ బంకు 2019 జూన్‌లో పేలినప్పుడు, అధిక పీడన ట్యాంకు బిరడా ఒకదాన్ని సరిగ్గా బిగించకపోవడమే కారణమని దర్యాప్తులో తేలింది. అంత నిబద్ధత ఉన్న దేశంలో, అన్ని నిబంధనల మధ్య, బోల్టుల బిగింపులో జరిగిన పొరపాటు అది. అటువంటి పనిని ఊరూరా, వీధి మలుపులో, ఎండలో పన్నెండు గంటలు నిలబడే బంకు కుర్రాడి చేతిలో పెట్టేముందు చాలా ఆలోచించాలి.

రవాణా ఇంకో చిక్కు. హైడ్రోజన్ బరువులో తేలిక, ఘనపరిమాణంలో మాత్రం ఎంతకీ ఒదగదు. 700 బార్ల దగ్గర నొక్కినా లీటరు చోటులో పట్టేది 40 గ్రాములు. 5.6 కిలోల కోసం 140 లీటర్ల ట్యాంకులు, అవీ కార్బన్ నార చుట్టిన మందపాటి ట్యాంకులు కావాలి. లోపలి హైడ్రోజన్ ఆ ట్యాంకుల బరువులో ఆరు శాతం మించదు. ఉక్కు సిలిండర్లు పేర్చిన పెద్ద ట్రెయిలరు ఒకటి 200 బార్ల ఒత్తిడిలో తీసుకువెళ్ళేది మూడు వందల కిలోలకు అటూఇటూ, అంటే యాభై, అరవై కార్లకు సరిపడేంత. అదే రోడ్డు మీద వెళ్ళే ఇరవై వేల లీటర్ల పెట్రోలు ట్యాంకరు ఐదు వందల డెబ్బై కార్లను నింపుతుంది. ద్రవంగా మార్చి తెద్దామంటే మైనస్ 253 డిగ్రీలకు చల్లబరచాలి, దానికి ఆ హైడ్రోజన్‌లో ఉన్న శక్తిలో మూడో వంతు దాకా ఖర్చవుతుంది. బంకులో కారుకు వేగంగా నింపాలంటే వాయువును మైనస్ 40 డిగ్రీలకు చల్లబరచాలి. తేమ ఉన్న రోజుల్లో నాజిల్‌కు మంచు పట్టి కారుకు అతుక్కుపోవడం కాలిఫోర్నియాలో వాడకందార్లు పడిన ఇబ్బందుల్లో ఒకటి. విశాఖలోనో కాకినాడలోనో ఆగస్టు నెల గాలిలో ఉండే తేమను తలచుకుంటే, మనకు అది వాళ్ళకన్నా ఎక్కువ ఇబ్బందే అవుతుంది.

ఈ మాటలన్నీ ఊహలైతే బాగుండేది. జపాన్ ప్రభుత్వం 2025 నాటికి రెండు లక్షల హైడ్రోజన్ కార్లు రోడ్డెక్కాలని లక్ష్యం పెట్టుకుంది, పదివేలు కూడా చేరలేదు. మిరాయ్ అంటే జపనీస్ భాషలో భవిష్యత్తు అని అర్థం. 2014 డిసెంబరులో దాన్ని విడుదల చేసిన ఇంజనీర్ల పనితనం మీద నాకు అపారమైన గౌరవం ఉంది. కాలిఫోర్నియాలో ఆ కారు కొన్నవారికి 15,000 డాలర్ల విలువైన హైడ్రోజన్‌ను ఉచితంగా ఇచ్చి మరీ అమ్మారు. ఆ ఉచితం అయిపోయాక బంకుల్లో కిలో ధర 36 డాలర్లకు చేరింది. షెల్ సంస్థ 2024 ఫిబ్రవరిలో అక్కడ కార్ల కోసం నడిపిన హైడ్రోజన్ బంకులన్నిటినీ శాశ్వతంగా మూసివేసింది. ఫియట్, ప్యూజో, జీప్ వంటి పేర్లున్న స్టెలాంటిస్ 2025 జులైలో తన హైడ్రోజన్ వాహనాల కార్యక్రమాన్నే ఆపేసింది. 2024లో ప్రపంచమంతా కలిపి అమ్ముడైన హైడ్రోజన్ వాహనాలు పదమూడు వేలకు అటూఇటూ. ప్లగ్ పెట్టి చార్జింగ్ చేసుకునే కార్లు అదే ఏడాది కోటీ డెబ్బై లక్షలు. పదేళ్ళు, ధనిక దేశాలు, ప్రభుత్వ సొమ్ము, ప్రపంచంలోనే నాణ్యతకు పేరుపడ్డ కంపెనీలు ఇవన్నీ ఉండి వచ్చిన ఫలితమిది.

మన దేశంలో కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ గారు 2022 మార్చి 30న మిరాయ్‌లో పార్లమెంటుకు వెళ్ళారు. ఆ దృశ్యం టీవీలో చూసినప్పుడు నాకూ ఆనందం కలిగింది. మా విభాగంలో మేము పుట్టించిన వాయువును దేశం మొదటిసారి గుర్తుపట్టినట్లు అనిపించింది. తరువాతి ఏడాది జనవరి 4న కేంద్ర మంత్రివర్గం 19,744 కోట్ల రూపాయలతో జాతీయ హరిత హైడ్రోజన్ మిషన్‌ను ఆమోదించింది. 2030 నాటికి ఏడాదికి 50 లక్షల టన్నుల ఉత్పత్తి దాని లక్ష్యం. మంచి ఆలోచనే, దానికి నా మద్దతు పూర్తిగా ఉంది. కానీ ఒక్క సంగతి గమనించాలి. రిఫైనరీలలో, ఎరువుల కర్మాగారాల్లో మనం ఇప్పటికే ఏడాదికి 50 లక్షల టన్నులకు పైగా హైడ్రోజన్ వాడుతున్నాం, అది దాదాపు అంతా శిలాజ ఇంధనాలనుంచి తీసినదే. అంటే ఆ లక్ష్యం నూటికి నూరు పాళ్ళూ నెరవేరినా, అదంతా దేశంలోనే ఉంచుకున్నా, ఇప్పుడున్న మురికి హైడ్రోజన్ స్థానాన్ని నింపడానికే బొటాబొటిగా సరిపోతుంది. కార్లకు ఇవ్వడానికి మిగులు ఏదీ?

2025 మార్చిలో కేంద్రం ప్రయోగాత్మకంగా 37 బస్సులు, లారీలకు, 9 బంకులకు అనుమతి ఇచ్చింది. వాటి దారుల్లో మన జాతీయ రహదారి 16 మీద విశాఖపట్నంనుంచి అనకాపల్లి అవతలి బయ్యవరం దాకా ఉన్న దారి ఒకటి. ఆ 37లో 15 ఫ్యూయల్ సెల్‌తో, 22 ఇంజనులోనే హైడ్రోజన్‌ను మండించే పద్ధతిలో నడుస్తాయి. రెండో రకం గురించి ఒక హెచ్చరిక అవసరం: గాలిలో దేన్ని అంత వేడిగా మండించినా నత్రజని ఆక్సైడ్లు పుడతాయి, కాబట్టి వాటినుంచి వచ్చేది నీటి ఆవిరి ఒక్కటే కాదు. అయినా ఈ ప్రయోగాలను నేను వ్యతిరేకించను. లేహ్‌లో ఎన్‌టీపీసీ ఫ్యూయల్ సెల్ బస్సులను నడపడం, అంత ఎత్తులో, అంత చలిలో, నిజంగా నేర్చుకోదగ్గ ప్రయత్నం. పగలంతా ఆగకుండా తిరిగే భారీ లారీకి రోజూ ఒకే డిపోలో హైడ్రోజన్ నింపడమంటే, వీధివీధికీ బంకు కట్టడంకన్నా ఎంతో తేలికైన పని. అక్కడ కూడా బ్యాటరీలే గెలుస్తాయేమోనని నాకు అనిపిస్తోంది గాని, ఆ ఫలితం ప్రయోగం చేసి తేల్చుకోవడంలో తప్పులేదు. సొంత కారు విషయంలో మాత్రం ఆ ప్రయోగం మన ముందే జరిగిపోయింది.

బ్యాటరీ కారు మీద ఉన్న ఫిర్యాదులను నేను తేలికగా తీసుకోవడం లేదు. మా మేనల్లుడు చివరకు ఎలక్ట్రిక్ కారే తీసుకుని సంక్రాంతికి దానిలోనే వచ్చాడు. సూర్యాపేటలో ఒకసారి ఆగి, భోజనం చేసేలోగా చార్జింగ్ పెట్టుకున్నాడట, బాగానే జరిగింది. ఏలూరు దగ్గర మాత్రం ఫోన్‌లో ఉందని చూపించిన చార్జరు పనిచేయలేదు. పిల్లలతో, పండగ రద్దీలో, ఇంకో చార్జరు కోసం పది కిలోమీటర్లు పక్కకు వెళ్ళి గంటంబావు ఆగవలసి వచ్చింది. అపార్టుమెంటులో సొంత ప్లగ్గు పెట్టుకోవడానికి సంఘంవాళ్ళతో రెండు నెలలు మాట్లాడాల్సి వచ్చింది. ఐదు నిమిషాల్లో హైడ్రోజన్ నింపుకోవచ్చన్న మాట ఇలాంటి సమయంలో ఎంత ఊరిస్తుందో నాకు తెలుసు. అయితే పాడైన చార్జరును బాగుచేయించడం, సెల్లారులో వైరింగు వేయించడం మన ఊరి ఎలక్ట్రీషియను చేయగల పని. 700 బార్ల కంప్రెసరు చెడిపోతే అది ఆయన వల్ల అయ్యేది కాదు. ఆ కంప్రెసరు, శీతలీకరణ యంత్రాలు ఉన్న బంకు ఒక్కొక్కదానికి కోట్ల రూపాయలు అవుతాయి. లిథియం కోసం చైనా మీద ఆధారపడతామన్న ఆందోళనా సరైనదే. అందుకు మందు బ్యాటరీల తయారీనీ వాటి పునర్వినియోగాన్నీ ఇక్కడ పెంచుకోవడం. ఇప్పుడు మన దగ్గర అమ్ముడవుతున్న ఎన్నో కార్లలో కోబాల్టు, నికెల్ లేని ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలే ఉంటున్నాయి.

మరి హరిత హైడ్రోజన్ ఎక్కడికి వెళ్ళాలి? బ్యాటరీ చేయలేని పని ఉన్న చోటికి. కరెంటు ఎంత ఉన్నా దానితో తిన్నగా ఎరువు చేయలేం, అందులో హైడ్రోజన్ అణువే ముడిసరుకు. పెట్రోలు, డీజిలునుంచి గంధకాన్ని తొలగించడానికి రిఫైనరీలకు హైడ్రోజన్ కావాలి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 ప్రమాణాలు వచ్చి గంధకం పరిమితి పది లక్షల పాళ్ళకు పది పాళ్ళకు దిగినప్పటినుంచి మనం బంకులో పోయించుకునే ప్రతి లీటరు వెనుకా హైడ్రోజన్ ఉంది. ఉక్కు సంగతి ఇంకా ఆసక్తికరం. ఇనుప ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగేయడానికి కోక్ బొగ్గుకు బదులు హైడ్రోజన్‌ను వాడితే, కార్బన్ డయాక్సైడ్ స్థానంలో నీటి ఆవిరి వస్తుంది. స్వీడన్‌లో ఎస్‌ఎస్‌ఏబీ సంస్థ 2021 ఆగస్టులో అలా చేసిన ఉక్కును వోల్వోకు పంపింది. టన్ను ఉక్కుకు యాభై కిలోల పైచిలుకు హైడ్రోజన్ చాలు. ఆ యాభై కిలోలు కారు ట్యాంకులో పోస్తే ఐదారు వేల కిలోమీటర్లలో ఆవిరైపోతాయి. అదే హైడ్రోజన్‌తో ఒక కారు శరీరానికి కావలసిన ఉక్కంతా తయారవుతుంది, ఆ కారు పదిహేనేళ్ళు తిరుగుతుంది.

ఎరువుల విషయంలో ఒక మెలిక ఉంది, దాన్ని దాచకూడదు. యూరియా తయారీకి అమ్మోనియాతో పాటు కార్బన్ డయాక్సైడ్ కూడా కావాలి. అది సహజ వాయువు నుంచి హైడ్రోజన్ తీసేటప్పుడే మాకు చేతికి వచ్చేది. నీటినుంచి హైడ్రోజన్ తీస్తే కార్బన్ డయాక్సైడ్‌ను ఇంకెక్కడినుంచైనా తెచ్చుకోవాలి. కాబట్టి మార్పు యూరియాతో మొదలుపెట్టడం కష్టం. డీఏపీ, కాంప్లెక్సు ఎరువులకు ఆ చిక్కు లేదు, వాటికి అమ్మోనియా కావాలి గాని కార్బన్ డయాక్సైడ్ అక్కర్లేదు, పైగా ఆ అమ్మోనియాలో చాలా భాగాన్ని మనం ఓడల్లో విదేశాలనుంచే తెచ్చుకుంటున్నాం. అందుకే 2025లో కేంద్ర సంస్థ సెకీ 13 ఎరువుల కర్మాగారాలకు ఏడాదికి 7.24 లక్షల టన్నుల హరిత అమ్మోనియా సరఫరా చేయడానికి వేలం పెట్టినప్పుడు, హైడ్రోజన్ గురించి ఈ దేశంలో జరిగిన అన్ని పనుల్లోకీ ఇదే ఎక్కువ విలువైనదని నేను మా పాత సహోద్యోగులతో అన్నాను. మొదటి వేలంలోనే కిలో ధర 55 రూపాయల 75 పైసలు పలికింది. పదేళ్ళు కొనే కర్మాగారం ఉంటుందని నమ్మకం కుదిరినప్పుడు ధర ఎలా దిగివస్తుందో అది చూపించింది. దాని గురించి ఏ చానెల్లోనూ అరగంట చర్చ నేను చూడలేదు. మంత్రిగారి కారు మాత్రం అందరికీ గుర్తుంది.

2025 జనవరి 8న విశాఖలో ప్రధానమంత్రి అచ్యుతాపురం దగ్గరి పూడిమడక హరిత హైడ్రోజన్ కేంద్రానికి శంకుస్థాపన చేశారు. ఎన్‌టీపీసీ గ్రీన్ ఎనర్జీ సుమారు లక్షా 85 వేల కోట్ల రూపాయలతో తలపెట్టిన ఈ కేంద్రంలో రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్, దానితో చేసే అమ్మోనియా, మిథనాల్ వంటివి 7,500 టన్నులు తయారు చేయాలన్నది ప్రణాళిక. కిలోకు 55 యూనిట్ల చొప్పున లెక్కవేస్తే రోజుకు ఎనిమిది కోట్ల పాతిక లక్షల యూనిట్ల కరెంటు అన్నమాట. ఆంధ్రప్రదేశ్ మొత్తం వేసవిలో ఒక రోజుకు వాడుకునే పాతిక కోట్ల యూనిట్లలో ఇది మూడో వంతు. అందుకోసమే 20 గిగావాట్ల సౌర, పవన విద్యుత్తును విడిగా ఏర్పాటు చేస్తామంటున్నారు. రాయలసీమ ఎండనూ, అనంతపురం గాలినీ, అచ్యుతాపురం భూమినీ, తీరంలోని నీటినీ పెట్టుబడిగా పెట్టి చేసే ఈ హైడ్రోజన్‌లో ప్రతి కిలోకూ విలువ ఉంది. దానిలో ప్రధాన భాగం ఎగుమతికి ఉద్దేశించారు. ఎగుమతి తప్పని నేననను, డాలర్లూ కావాలి. కానీ మన పొలాల ఎరువు కోసం గల్ఫ్ దేశాలనుంచి సహజ వాయువుతో చేసిన అమ్మోనియాను దింపుకుంటూ, మన ఎండతో చేసిన అమ్మోనియాను అదే తీరంనుంచి ఓడకెక్కించి పంపడం నాకు మింగుడుపడదు.

అమ్మోనియా ఓడ రేవుకు వచ్చిన రోజు మా పాత మిత్రులు కొందరికి ఇప్పటికీ రాత్రంతా పనే. మైనస్ 33 డిగ్రీల ద్రవం ఓడనుంచి గొట్టాల్లోకి మళ్ళేముందు ఆ గొట్టాలను గంటల తరబడి మెల్లగా చల్లబరచాలి, తొందరపడితే ఉక్కు చిట్లుతుంది. మొదట గొట్టం మీద మంచు సన్నగా, పిండి చల్లినట్లు పడుతుంది, తరువాత దళసరిగా తెల్లగా గడ్డకడుతుంది. అది ట్యాంకు దాకా పాకేసరికి తెల్లవారుతుంది. పూడిమడకనుంచి ఆ ట్యాంకుల దగ్గరికి యాభై కిలోమీటర్ల దూరం కూడా ఉండదు. అక్కడ మొదటి ఎలక్ట్రోలైజరు తిరిగిన నాడు, దానినుంచి వచ్చిన మొదటి అమ్మోనియా విశాఖ ఎరువుల కర్మాగారానికే రావాలని, ఆ ఏడాది రేవుకు ఒక ఓడ తక్కువ రావాలని నేను కోరుకుంటున్నాను.